ఆరని దిమ్మ

"మీవాణ్ని తీసుకెళ్ళిపోండమ్మా. ఇక నావల్ల కాదు."

ఫోన్ చేసి మరీ పిలిపించిన మెహ్రాజ్‌తో ఒకటో తరగతి టీచరు నాగజ్యోతి గేటు దగ్గరే అనేసింది. బళ్ళో వేసిన రోజు నుంచీ మెహ్రాజ్ కొడుకు అఫ్రీద్‌ది అమ్మ కోసం ఒకటే రాగం. "ఏడవకు నాన్నా, ఇంటి బెల్లు కొట్టగానే అమ్మ వచ్చేస్తుంది" అని చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు బొంగురుపోయింది. విన్నాడా? గోడకి చెప్పుకున్నా నయమే.

"ఇయాల కూడా ఏడిసేడా టీచర్‌గారూ?"

"ఏడిస్తే బాగుండును! మట్టితో ఏనుగు చెయ్యరా అన్నాను. నా టిఫిన్ బాక్సులో పులిహోరంతా కింద పారబోసి, దాన్నిండా బురద కూరేడు. ఏటిరా ఇది అంటే, బెల్లం దిమ్మట!"

"ఆల్ల అబ్బాతో మునగపాక గానుగ కాడికెల్లి, బెల్లం డబ్బాల్లో పోసి దిమ్మలు ఆరబెట్టడం సూసేడండీ. అప్పట్నుంచీ ఇదే పిచ్చి."

మెహ్రాజ్ సిగ్గుపడుతూ లోపలికెళ్ళి కొడుకు రెక్క పట్టుకుంది. వాడు కిటికీలో పెట్టిన బాక్సుకి అడ్డంగా నిలబడ్డాడు.

"నాను రాను అమ్మీ. దిమ్మ ఆరలేదు. ఇప్పుడు కదిపితే ఇరిగిపోతాది."

"ఇంటికాడ ఇంకోటి సేసుకుందువు, పదరా."

"ఇది టీచర్‌కి. నువ్వెల్లిపో."

ఇన్నాళ్ళూ కొంగు వదలని పిల్లాడు చెయ్యి విదిలించుకునేసరికి మెహ్రాజ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనకే వచ్చి పులిహోర ఊడుస్తున్న నాగజ్యోతి చీపురు ఆగిపోయింది.

అఫ్రీద్ బురద చేత్తోనే తల్లి చెంప తుడిచాడు. అచ్చం టీచరు గొంతుతో అన్నాడు:

"ఏడవకు నాన్నా. ఇంటి బెల్లు కొట్టగానే నేను వచ్చేస్తాను."