వెండి ప్యాకేజీ

“బిడ్డకి బిల్లు వేరే వస్తుంది సార్. మీ ఇన్సూరెన్సు తల్లికి మాత్రమే.”

ప్యాకేజీల గదిలో బల్ల వెనక కూర్చున్న అమ్మాయి చిరునవ్వు చెదరకుండా చెప్పింది. కాబోయే తండ్రి నోరు తెరిచేలోగా పక్క కుర్చీలోంచి అతని తల్లి ముందుకు వంగింది.

“బిడ్డ లేని కాన్పు ఎక్కడైనా ఉంటుందా అమ్మాయ్?”

“లోపల ఉన్నంతవరకూ తల్లి లెక్కలోనే ఆంటీ. బయటికొచ్చాక వేరే పేషెంటు.”

“అయితే బయటికి రావద్దని కబురు పెడదామా?”

తలుపు అవతల నడవాలో, బెంచీ మీద కోడలు నడుం పట్టుకుని కూర్చుంది. పక్కనే ఆమె తల్లి వీపు నిమురుతోంది. తెల్లవారుతూనే మొదలైన నొప్పులు. ప్యాకేజీ తేలి, అడ్వాన్సు కడితేనే పైనున్న కాన్పుల గదికి పంపిస్తామన్నారు. ఇన్సూరెన్సు ఇచ్చేది నలభై వేలు. మొగుడి జేబులో ఉన్నవి ఇరవై. ఆసుపత్రిలో అన్నిటికన్నా చిన్న ప్యాకేజీ తొంభై.

“ఇది వెండి ప్యాకేజీ. దీని పైన బంగారం, వజ్రం ఉన్నాయి,” అంటూ రంగుల కాగితం ముందుకు జరిపింది అమ్మాయి.

“మేమొచ్చింది ఆసుపత్రికా, నగల కొట్టుకా? అరవైకి ఇచ్చెయ్యి, ఇప్పుడే కట్టేస్తాం.”

“అమ్మా, ఇదేం కూరగాయల బజారు కాదు,” కొడుకు గొణిగాడు.

“నువ్వూరుకోరా. బేరమాడితే దిగనిది జ్వరమొక్కటే.” ఆవిడ కళ్ళజోడు సవరించుకుని కాగితం మీద వేలు పెట్టింది. “ఈ ఐదు వేలు దేనికి?”

“కాన్పప్పుడు సార్ లోపల ఉండి మేడమ్ చెయ్యి పట్టుకోవచ్చు ఆంటీ.”

“వీడా? సూది చూస్తేనే కళ్ళు తిరిగి పడతాడు. పడితే లేపడానికి మళ్ళీ ఎంత తీసుకుంటారో! కొట్టెయ్యి.”

అమ్మాయి కొట్టేసింది.

“ఈ స్వాగతం ఏమిటి?”

“గదిలో బెలూన్లు కట్టి, పాపాయికి మొదటి ఫొటో తీస్తాం.”

“బెలూన్లు నేనూదుకుంటాను. నాకింకా ఊపిరుంది. కొట్టెయ్యి.”

తలుపు కొంచెం తెరుచుకుంది. కోడలు లోపలికి తొంగిచూసింది. నుదుటి మీద చెమట.

“ఏవండీ, నొప్పులు దగ్గర పడుతున్నాయి.”

అతను లేవబోయాడు. తల్లి అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

“ఇంకొక్క రవ్వ ఓర్చుకో తల్లీ. ఎనభైకి దింపాను. ఇప్పుడు లేచామంటే మళ్ళీ మొదటికొస్తుంది.”

కోడలు పెదవి కొరుక్కుని తలుపు మూసింది.

ఒక్కరికే గది అన్నది ముగ్గురు పేషెంట్లకి కలిపి ఒకే గది అయింది. గదిలో టీవీ పోయింది. టీవీ చూసినా చూడకపోయినా డబ్బు మారదంటే, కోడలు అసలు కళ్ళు మూసుకునే ఉంటుందని అత్తగారు హామీ ఇచ్చింది. తిండి ఇంటి నుంచే వస్తుంది. దుప్పట్లు కూడా. లెక్క డెబ్బై దగ్గర మొరాయించింది. అమ్మాయి మేనేజరుని అడగడానికి పైకి వెళ్ళింది. ఆయన మీటింగులో ఉన్నాడు. ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోను చేస్తే, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని చెప్పి పాట పెట్టారు. పాట మూడుసార్లు తిరిగింది. అమ్మాయి భోజనానికి వెళ్ళి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. అత్తగారు మాత్రం కుర్చీ వదల్లేదు. వదిలితే వెనక నిలబడ్డ వాళ్ళెవరైనా కూర్చుంటారని భయం.

“ఒకసారి బయటికెళ్ళి చూసొస్తానమ్మా,” అన్నాడు కొడుకు.

“చూస్తే నొప్పి తగ్గుతుందా? వాళ్ళమ్మ ఉందిగా! నువ్వు కదిలితే మనకి తొందరగా ఉందని ఈ పిల్లకి తెలిసిపోతుంది.”

“నాకు తెలుసు ఆంటీ,” అంది అమ్మాయి. “ఇక్కడికి తొందర లేకుండా ఎవరూ రారు.”

“చూశావా, మంచి పిల్ల. ఆ పసిబిడ్డల డాక్టరు ఫీజు కూడా తగ్గించు. ఆయన చూసేది మూడు కిలోల మనిషిని. నిండు మనిషికి తీసుకున్నంత తీసుకుంటే ఎలా?”

అమ్మాయికి ఈసారి నిజంగానే నవ్వొచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది. వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

“మేనేజరుగారు ఒప్పుకున్నారు. అరవై. ఈ ఆసుపత్రి కట్టాక వెండి ప్యాకేజీ ఇంతకి ఎవరికీ ఇవ్వలేదట. బయట ఎవరికీ చెప్పద్దని మీతో చెప్పమన్నారు.”

అత్తగారు కుర్చీలో వెనక్కి వాలింది. యుద్ధం గెలిచిన రాజుకి కూడా అంత హాయి ఉండదు.

“నేర్చుకోరా,” అంది కొడుకుతో. “నీ చేతిలో పెడితే తొంభై కట్టి, పైగా థాంక్స్ చెప్పి వచ్చేవాడివి.”

“ఇక్కడ పేషెంటు సంతకం చేస్తే పైకి తీసుకెళ్ళిపోతాం సార్.”

అతను కాగితం పట్టుకుని ఒక్క ఉదుటున తలుపు తీశాడు. బెంచీ మీద ఎవరో ముసలాయన కునుకు తీస్తున్నాడు. నడవా ఆ చివర లేదు, ఈ చివర లేదు. భార్యకి ఫోను చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తింది.

“ఎక్కడున్నావ్?”

“ప్రభుత్వాసుపత్రిలోనండీ. అమ్మా నేనూ ఆటో ఎక్కేశాం. ఇక్కడ ముందు కాన్పు చేసి, తర్వాత పేరు రాసుకున్నారు. పాప పుట్టింది. ఇద్దరం బాగున్నాం.” నీరసంగా ఉన్న ఆ గొంతు వెనక సన్నగా పసి ఏడుపు. “ఇంతకీ, అత్తయ్యగారు ఎంతకి దింపారు?”