కూతురి గొంతుతో వచ్చిన ఫోను

ఎవరి గొంతునైనా యంత్రాలు అచ్చంగా పలికే రోజులవి. కాకినాడలో వరహాలమ్మ గోంగూర బాగుచేస్తుండగా ఫోను మోగింది. కూతురు హేమలత గొంతు.

"అమ్మా, నాన్న గుండెలో పెట్టిన యంత్రానికి వైరస్ పట్టిందట. కంపెనీవాళ్లు లైన్లో ఉన్నారు. దాని రహస్య నంబరు చెప్పు, లేకపోతే ఆగిపోతుంది!"

వరహాలమ్మ గోంగూర పక్కన పెట్టింది. లేచి, కునుకు తీస్తున్న భర్త ఛాతీ మీద చెయ్యి వేసింది. గుండె నిదానంగా కొట్టుకుంటోంది.

"పెట్టెయ్యి తల్లీ, నేనే చేస్తా" అంది.

"వద్దమ్మా, పెట్టెయ్యకు!" అని ఆ గొంతు ఏడ్చింది. కూతురి ఏడుపు వింటూ ఫోను పెట్టెయ్యడం ఏ తల్లికైనా కష్టమే. ఆవిడ పెట్టేసి, వెంటనే హేమలతకు చేసింది.

"నేను చెయ్యలేదమ్మా, బళ్లో ఉన్నాను" అంది హేమలత.

వరహాలమ్మ కళ్లు తుడుచుకుని, అలాంటి యంత్రమే ఉన్న మరిది ఇంటికి ఫోను చేసింది. తోడికోడలితో "ఎవరడిగినా ఆ నంబరు చెప్పకే. నా గొంతుతో అడిగినా సరే" అంది.