ఉప్పు మానేసిన బావ

అది కాదమ్మా తేజశ్రీ, నేను ఎట్టా చెబితే అట్టానే రాయి. సోకులు చెయ్యమాకు. ఎవరికి తాతయ్యా ఇదంతా అంటావు. ముందు రాయి, చివర్లో చెబుతా. నేను నిదానంగానే మాట్లాడతాగా, నీ చెయ్యేం నొప్పెట్టదులే.

మా బావ బుల్లయ్య, మా చెల్లెలు సుబ్బరావమ్మ మొగుడు, వాడంత తెలివిగలవాడు ఈ పర్చూరు చుట్టుపక్కల పుట్టలేదు. నాకంటే నెల పెద్ద. అందుకని పేరుకి గారు తగిలించమంటాడు. నేను తగిలించను.

ఎవడో తెల్లచొక్కా వేసుకుని ఫోనులో కూర్చుని ఉప్పు విషం అన్నాడంట. ఆరోజు నుంచీ వీడు ఉప్పు మానేశాడు. తగ్గించడం కాదు, మానేశాడు. చప్పిడి పప్పు, చప్పిడి మజ్జిగ. గోంగూర పచ్చడి వడ్డించబోతే పామును చూసినట్టు జరిగి కూర్చునేవాడు. బీపీ బిళ్ళ ఒకటి మింగుతాడు, అది ఒంట్లో నీరంతా లాగి బయటికి పంపిద్ది. అది చాలదని, రక్తం శుభ్రపడాలని బిందెలకి బిందెలు నీళ్ళు తాగుడు.

నేను అప్పుడే చెప్పా. "బావా, కుడితిలో ఉప్పు లేకపోతే మా గేదె మూతి పెట్టదు. దానికి ఫోను లేదు కాబట్టి ఆ మాత్రం బుద్ధి మిగిలింది" అన్నా. అయితే వెళ్ళి దాంతోనే కలిసి తిను, ఇద్దరికీ పొంతన కుదిరింది అన్నాడు.

ఎండలు ముదిరినయ్యి. కల్లంలో మిరపకాయలు ఆరబోశారు. వీడు పొద్దంతా అక్కడే నిలబడి చెమటలు కక్కాడు. లోపల మిగిలిన కాస్త ఉప్పూ అట్టా పోయింది. మధ్యాహ్నానికి ఎర్రటి కాయల రాశి వంక చూసి, "ఈ పత్తికి రంగేసిందెవర్రా" అన్నాడు. పెద్దాయన జోకేశాడని కూలీలు పడీపడీ నవ్వారు.

ఇంటికొచ్చాక కూడా ఏదేదో వాగుతుంటే మా చెల్లెలు దిష్టి తగిలిందంది. వాడి అందానికి దిష్టి. గుప్పెట్లో రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని వాడి చుట్టూ తిప్పి పొయ్యిలో పోసింది. నోట్లోకి పోవాల్సిన ఉప్పు నెత్తి చుట్టూ తిరిగి నిప్పుల్లో పడింది. చిటపటలాడింది కదా, పీడ పోయిందని వాళ్ళు సంబరపడేలోపే వాడు మూర్ఛొచ్చి పడ్డాడు.

గుంటూరు తీసుకెళ్ళి ఐసీయూలో వేశారు. రక్తంలో సోడియం పడిపోయింది, అంటే ఉప్పేనండీ, పొటాషియం కూడా అంతంత మాత్రమే అని చెప్పింది డాక్టరమ్మ. నిదానంగా పెంచుకుంటూ రావాలంట. తొందరపడితే మెదడు దెబ్బతినిద్దంట.

వాడి కొడుకు కోటేష్ ఉన్నాడుగా, తండ్రికి తగ్గ కొడుకు. సీసాలన్నీ ఒక్కసారే ఎక్కించమని ఆమె మీదికి ఎగిరాడు. నేను వాణ్ణి వరండాలోకి లాక్కెళ్ళి, నీళ్ళు లేక ఎండిన మిరప తోటకి ఒకేసారి కాలవ తిప్పితే ఏమైద్దిరా అని అడిగా. తోటంతా వాలిపోద్ది మావయ్యా అన్నాడు.

"మరి మీ నాయన తోటపాటి చెయ్యడంట్రా?"



మా చెల్లెలు ఇంకా ఘనురాలు. కొంగులో ఉప్పు పొట్లం కట్టుకొచ్చి వాడి నాలిక మీద వెయ్యబోతే నర్సు చెయ్యి పట్టుకుంది. చప్పిడి కూడు వండి పెట్టినన్నాళ్ళూ ఈ ప్రేమ ఏమైందో.

ఇప్పుడు ఉప్పయితే లెక్కకొచ్చింది. మనిషే రాలేదు. ఇట్టా పడ్డవాళ్ళలో లేచినోళ్ళూ ఉన్నారు, లేవనోళ్ళూ ఉన్నారు, మేం చెయ్యగలిగింది చేశాం, ఇంక ఆయన పలకాలి, మీరు పిలుస్తా ఉండండి అంది డాక్టరమ్మ.

పిలిచారు. పెళ్ళయిన కాడ్నుంచీ 'ఏమయ్యో' తప్ప అనని మా చెల్లెలు 'ఏవండీ' అంది. తండ్రి మీద అరవడం తప్ప తెలియని కోటేష్ 'నాన్నగారూ' అన్నాడు. వాడి రెప్ప కూడా కదల్లేదు. ఎందుకు కదులుద్ది? వాడి జన్మలో వాణ్ణి అంత మెత్తగా పిలిచినోళ్ళెవరు? పక్క మంచం ఆయన్ని పిలుస్తున్నారనుకుని ఉంటాడు.

ఇంకా ఉంది, రాయి. కొత్తగా ట్రాక్టరు నేర్చుకున్న రోజుల్లో తన చేననుకుని, పూత మీదున్న నా పత్తిచేను దున్నేశాడు. అప్పుడు ఉప్పు బాగానే తినేవాడు. కాబట్టి లోపం ఉప్పుది కాదు, పుటకది.

మా ఇంట్లో ఈ ఏటి గోంగూర పచ్చడి జాడీ, మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పకుండా అట్టానే ఉంది. వచ్చి అడిగినా వాడికి పెట్టేది లేదు. ఆ మాట కూడా రాయి. ఏంటి, ఆగావు? రాయమ్మా.

అయిపోయింది. ఒకసారి చూసుకో, తిట్లేవీ జారిపోలేదుగా. రేపు నిన్ను లోపలికి పంపుతారంట కదా, ఇది పట్టుకెళ్ళి బుల్లయ్య చెవి దగ్గర వంగి అచ్చం నేను ఎగతాళి చేసినట్టే గట్టిగా చదువు తల్లీ. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆ మంచం పక్కన బావా అనడానిక్కూడా నాకు గొంతు పెగల్లేదు.