ఆవకాయ బేసిన్‌లో మొదటి ముద్ద

ఆవకాయ కలిపిన బేసిన్‌లోనే వేడన్నం, నెయ్యి వేసి కలిపి, మృదుల మొదటి ముద్ద అక్క నోట్లో పెట్టింది.

"ఉప్పు సరిపోయిందా అక్కా? నువ్వు చెప్తేగానీ జాడీకి మూత పెట్టను."

నీలవేణి నమిలింది. ఒకప్పుడు ఈ రుచుల మీద ముచ్చటపడి బ్లాగు రాసుకునేది. చదివే రోజులు పోయాక, అందరిలాగే తన నాలుక మీది రుచిని నేరుగా చందాదారుల నాలుకలకు పంపడానికి ఒప్పుకుంది. పంపింది తనకిక మిగలదని ఆ కంపెనీవాళ్ళు ముందే చెప్పారు. ఎప్పుడూ తినేదేగా అనుకుంది. ఇప్పుడు ఇల్లు హాయిగా గడుస్తోంది. ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉంటోంది.

"చెప్పవేంటి?"

"ఉండు," అని నీలవేణి చందాదారుల మాటలు కనబడే గోడమీది తెర వైపు చూసింది. ఎవరో ముక్కూమొహం తెలియనావిడ రాసింది: "ఉప్పూ కారం అచ్చం మా అమ్మ చేతి ముద్దేనండీ. ఏడుపొచ్చేసింది."

నీలవేణి ఆ మాట రెండుసార్లు చదువుకుని చెల్లెలితో అంది:

"సరిపోయిందటే."