మూడు క్రెడిట్లు తక్కువ

యూనివర్సిటీ కౌంటర్ వెనక కూర్చున్న మా తమ్ముడు నా మార్కుల జాబితా రెండోసారి చూశాడు.

“ఈ ఏడు నీకు జాయింట్ డిగ్రీ రాదక్కా. మూడు క్రెడిట్లు తక్కువ. స్టాటిస్టిక్స్‌ని మ్యాథ్స్‌లోనూ వేశావు, ఎకనామిక్స్‌లోనూ వేశావు. ఒక కోర్సు ఒక మేజర్ సబ్జెక్టుకే లెక్క.”

పొద్దున్నే దేవుడికి చెప్పే వచ్చాను. ఆయన రూల్సు చదివినట్టు లేదు.

“అమ్మ పోయాక నన్ను అక్కగానూ అమ్మగానూ లెక్కేసుకున్నప్పుడు ఈ రూలు ఎక్కడికి పోయిందిరా?”

నా వెనక క్యూ అంతా నవ్వింది. వాడు నవ్వలేదు.

“అందుకేగా, ఇరవైల్లో రావాల్సిన డిగ్రీకి యాభైల్లో క్యూ కట్టావు.”

వచ్చే సెమిస్టరు ఫారం నా ముందుకు తోశాడు. నా పేరు, కొత్త కోర్సు, అన్నీ అప్పటికే వాడి చేతిరాతలో ఉన్నాయి. సంతకం ఒక్కటే నాకు మిగిల్చాడు.