మూడు ఫిడేళ్ళలో ఒక సాయంత్రం

ఫోన్ మోగేసరికి జోయెల్ మోచేతుల దాకా పిండిలో ఉన్నాడు.

"నువ్వే చూడు టామ్సిన్, నా వల్ల కాదు."

టామ్సిన్ చూసింది. చూసి, ఫోన్ బల్ల మీద పడేసి, పిండి చేతులతో సహా మొగుణ్ణి వాటేసుకుంది.

"పబ్బు మనకే! పబ్బు కౌలుకిచ్చే బీరు కంపెనీ వాళ్ళు సరే అన్నారు. ఇప్పుడు నడుపుతున్నాయన గడువు మార్చితో అయిపోతుందట. మనం ఊఁ అంటే ఏప్రిల్ నుంచి 'మూడు ఫిడేళ్ళు' మనది. రేపటికల్లా ఏ సంగతీ ఫోన్ చేసి చెప్పమన్నారు."

పెళ్ళయి నెల కాలేదు. ఆమె బళ్ళో సంగీతం టీచరు, అతను హోటల్లో వంటవాడు. పాటా, పీపా బీరూ, వేడి తిండీ ఒక్కచోట దొరికే పబ్బు నడపాలని పెళ్ళికి ముందు నుంచీ ఇద్దరికీ ఒకటే కల. లడ్లో అనే ఊళ్ళోని ఆ పబ్బుని ఇంతవరకూ ఫొటోల్లోనే చూశారు.

"ఇవాళ గురువారం. అక్కడ పాటల సాయంత్రం. మామూలు గిరాకీల్లా వెళ్ళి చూసొద్దాం. ఎవరికీ చెప్పొద్దు," అంది టామ్సిన్.

"నోటితో చెప్పక్కర్లేదు. నీ మొహం చూస్తే ఊరంతటికీ తెలిసిపోతుంది."

పబ్బు గోడల నిండా ఫిడేళ్ళు, బాంజోలు. ఎవరికి మనసైతే వాళ్ళు దించి వాయించుకోవచ్చు. బీరు పంపులకి పిడులు కూడా పాత ఫిడేళ్ళ మెడలే. టామ్సిన్ వాటిని చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి, జోయెల్ మోచేత్తో పొడిస్తే ఆగింది.

"రండి రండి! పొయ్యి పక్క బల్ల మీకే," అంటూ ఎదురొచ్చాడు పబ్బు నడిపే హ్యూబర్ట్. డెబ్బై దాటినా హుషారైన మనిషి. "ఈ పీపా నిన్ననే తెరిచాను. తాగి చూడండి. నచ్చకపోతే పారబోసి ఇంకోటి ఇస్తా."

నచ్చకపోవడమా! అద్దంలా తేటగా ఉంది బీరు. నేలమాళిగలోంచి వచ్చే ఆ కాస్త చల్లదనం, చివర్లో చిరుచేదు. జోయెల్, పిండి పొరల్లో మాంసం కూరి కాల్చిన 'పై' ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఈ పొరలు నాకు ఏనాడూ ఇలా రాలేదు."

"అది మా ఎడ్నా చేతి మహిమ," అన్నాడు హ్యూబర్ట్. "వంటింట్లోకి వెళ్ళు బాబూ, మా ఆవిడ చూపిస్తుంది. పెద్ద విద్యేం కాదు. నువ్విలా రా అమ్మాయ్, ఒక గ్లాసు నీ చేత్తో పొయ్యి. పిడిని గుంజకూడదు. ఫిడేలు మీద కమాను లాగినట్టు, నిదానంగా... అదీ! ఈ చెయ్యి దీనికే పుట్టింది!"

ఆయన టామ్సిన్‌ని నేలమాళిగలోకి కూడా తీసుకెళ్ళాడు. వరసగా పడుకోబెట్టిన పీపాలు చూపించాడు.

"ఒకసారి పడుకోబెట్టాక కదపకూడదు, పసిపాపని చూసుకున్నట్టు చూసుకోవాలి. వీటిని వదిలిపెట్టి మేమిద్దరం ఒక్క రాత్రి బయట గడిపింది లేదు తల్లీ. మా పెళ్ళిరోజైనా సరే."

ఇంత ప్రేమగా చూసుకునే మనిషి ఉంటాడా అనుకుంది టామ్సిన్. పైకొచ్చేసరికి ఆమె పొంగిపోతోంది.

పక్క బల్ల దగ్గర విల్ఫ్ అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. రోజూ అదే కుర్చీలో కూర్చునే పాత గిరాకీ.

"బాగా తాగండి," అన్నాడు. "ఈ భోగం మార్చి దాకానే."

"అదేంటి పెద్దాయనా?"

"హ్యూబర్ట్‌ని గెంటేస్తున్నారుగా. ఎవరో కుర్ర జంటకి ఇచ్చేస్తున్నారట. ఈ పబ్బే ప్రాణంగా బతికిన మనిషిని..."

అంతలో మూలనున్నావిడ ఫిడేలు అందుకుంది. ఇక్కడ పాట నడుస్తుంటే మాటలు కుదరవు, బీరు కూడా పొయ్యరు. విల్ఫ్ పెదాల మీద వేలు పెట్టాడు. టామ్సిన్‌కి ఎంతో ఇష్టమైన నిదానపు పాట అది. ఎప్పుడయిపోతుందా అని మొదటిసారి ఎదురుచూసింది.

"ఆయనకి వేరే ఇల్లుందా?" అని పాట ఆగగానే అడిగింది.

"పైన మేడే ఇల్లు. ఈ వయసులో ఎటు పోతాడు? ఇక్కణ్ణుంచి పంపేస్తే ఏడాది తిరక్కుండా పోతాడు."

జోయెల్ వంటింట్లోంచి నవ్వుకుంటూ వచ్చాడు. భార్య మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఆమె చెవిలో చెప్పింది. అతను పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మనం వద్దన్నాక మళ్ళీ ఇలాంటిది దొరక్కపోతే?" అన్నాడు జోయెల్.

"దొరక్కపోతే నేను పాఠాలు చెప్పుకుంటా, నువ్వు పిండి పిసుక్కో."

"ఈ పబ్బు కోసం నువ్వు చర్చిలో కూడా మొక్కుకున్నావు."

"ఒక ముసలాయన్ని రోడ్డు మీద పెట్టమని మొక్కుకోలేదు కదా."

జోయెల్ ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు. ఇద్దరూ హ్యూబర్ట్ దగ్గరికి వెళ్ళారు. టామ్సిన్ ముందుకొచ్చింది.

"హ్యూబర్ట్ గారూ, మీ దగ్గర దాచాం. ఆ కుర్ర జంట మేమే. మీ ఉప్పు తిని మిమ్మల్ని వెళ్ళగొట్టలేం. రేపు పొద్దున్నే కంపెనీకి ఫోన్ చేసి మాకొద్దని చెప్పేస్తాం. మీరెప్పటికీ ఇక్కడే ఉండండి."

విల్ఫ్ గ్లాసు పైకెత్తాడు. చుట్టుపక్కల అందరూ చప్పట్లు కొట్టారు. హ్యూబర్ట్‌కి మాత్రం కళ్ళు చెమర్చాయి. భుజం మీది తువ్వాలుతో తుడుచుకుని వంటింటి వైపు తిరిగాడు.

"ఎడ్నా, కట్టిన పెట్టెలు మళ్ళీ విప్పెయ్, ఈసారీ మనకి విడుదల లేదు, వీళ్ళూ జాలిపడ్డారు!"