మందు పూసే వేలు

"నెలగా మందు పూస్తాండా సార్, చెవుల్లో పుండు మానడం లేదు. పైగా నన్నే రక్కుతాది. యాడన్నా వదిలేస్తా!"

హిందూపురం మిరపకాయల వ్యాపారి సాబ్జాన్ పిల్లి కూనను పశువులాసుపత్రి బల్ల మీద పెట్టాడు.

"కూనలకు అరుదుగా వచ్చే చెవివాపప్పా ఇది. మందు సరైందే," అంటూ డాక్టరు తానే పూశాడు. కూన కిక్కురుమనలేదు.

"మీకైతే బుద్ధిగా ఉండాది! పాలు పోసి సాకింది నేను, గోళ్లు నాకా?"

"ఏదీ, నువ్వు పుయ్యి."

సాబ్జాన్ వేలు తగలగానే కూన కెవ్వుమంది. డాక్టరు ఆ వేలిని వాసన చూసి గట్టిగా తుమ్మాడు.

"పొద్దున్నుంచి మిరపకాయ పట్టినావా?"

"పట్టకుంటే వ్యాపారమెట్ల? కడుక్కునే వచ్చినా. నాకేం మండదే!"

"ఏండ్ల తరబడి కాయ పట్టిన చెయ్యి, నీకు మండదు. దాని పుండుకు మండుతాది."

కూనను నిమరబోయిన చేతిని సాబ్జాన్ మధ్యలోనే ఆపి, వెనక్కి దాచుకున్నాడు.